రంగుకు రంగు పడకపోతే

పాత కేలండర్ ఒకటి తీసి, అందులోని లక్ష్మీదేవి ముఖాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి. పెదవుల ఎరుపు గీత దాటి గడ్డం వైపు జారి ఉంటుంది. లేదా చీర పచ్చదనం అంచు దాటి పద్మం రేకు మీదికి పాకి ఉంటుంది. చవక శుభలేఖల్లో వినాయకుడికీ ఇదే గతి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి పట్టించుకోం. బొమ్మ గీసినవాడి చెయ్యి తిన్నగానే ఉంది కదా, మరి రంగు ఎందుకు జారింది?

జవాబు ప్రెస్సులో ఉంది. బెంగళూరు చిక్కపేటలో కొట్టించిన శుభలేఖ అయినా, శివకాశి కేలండర్ అయినా ఒక్క దెబ్బకు అచ్చయ్యేది కాదు. నీలం, గులాబి, పసుపు, నలుపు అని నాలుగు రంగులు, వాటికి నాలుగు ప్లేట్లు. ఒక్కో ప్లేటూ తన రంగు మాత్రమే కాగితం మీద వదిలిపోతుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడితేనే దేవి ముఖం దేవి ముఖంలా ఉంటుంది. అయితే కాగితం నారతో అయిన వస్తువు. తేమ తగిలితే నార ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగు పడ్డప్పుడు ఉన్న కొలత నాలుగో రంగు పడేనాటికి ఉండదు. అర మిల్లీమీటరు తేడా చాలు, పెదవి గడ్డం మీదికి దిగడానికి. ప్రెస్సు వాళ్లు దీన్ని ‘రిజిస్ట్రేషన్ పోయింది’ అని, పక్కవాడి మీద నెపం వేసి, తర్వాతి రీము ఎత్తుతారు.

ఇదే తప్పును డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు కూడా బెంగళూరులో ఉన్నారు. ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మీద బండ్లు ఆపేసి, కర్ణాటక చిత్రకళా పరిషత్తు ‘చిత్రసంతె’ జరుపుతుంది. పరిషత్తు పుట్టింది 1960లో, సంత మొదలైంది 2003లో. పెద్ద పెద్ద కేన్వాసుల నడుమ చిన్న బల్లలు కొన్ని కనిపిస్తాయి. వాటి మీద లినో చెక్కి ఒత్తిన పోస్టుకార్డులు, కుట్టిన బుల్లి పుస్తకాలు, ఒకే బొమ్మ ఆరు రంగుల వరసల్లో. పెట్టుకున్నవాళ్లు చాలావరకు ఇలస్ట్రేటర్లు. ఈ ఊళ్లో వాళ్లకు పనికి కొదవ లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ 2004 నుంచి ఇక్కడిదే. ఇక యాప్ కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. పగలంతా టాబ్లెట్ మీద గీస్తారు. గీత తప్పితే రెండు వేళ్లతో తట్టి వెనక్కి పోతారు. రాత్రి ఇంటికొచ్చి, వెనక్కి పోవడం అనేదే లేని ఇంకుతో కుస్తీ పడతారు.

వాళ్లకు ప్రియమైన రీసోగ్రాఫ్ యంత్రం నిజానికి స్కూళ్లలాంటి చోట్ల ఎక్కువ కాపీలు చవగ్గా తీయడానికి పుట్టింది. లోపల ఒక స్టెన్సిలు డ్రమ్ముకు చుట్టుకుంటుంది, ఇంకు దాని రంధ్రాల్లోంచి కాగితం మీదికి దిగుతుంది. ఒక డ్రమ్ముకు ఒకే రంగు. రెండో రంగు కావాలంటే డ్రమ్ము మార్చి, అదే కాగితాన్ని మళ్లీ తోయాలి. కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పి తీరుతుంది. గులాబీ, నీలం అంచులు కాస్త పక్కకు జరిగి, మధ్యలో ఊదారంగు సన్నటి అంచు కడుతుంది. ప్రెస్సువాడు తిట్లు తినే చోట ఇలస్ట్రేటర్ మెప్పు పొందుతాడు.

ఇంత తంటా ఎందుకు? ఒకే ప్లేటు మీద అన్ని రంగులూ పూసి, ఒక్కసారే ఒత్తేస్తే సరిపోదా? ఒత్తేది ఒకసారే అయితే రిజిస్ట్రేషన్ అనే బాధే ఉండదు. కానీ ఒకే ప్లేటు మీదుగా నీలం రోలరు, దాని వెంటే పసుపు రోలరు నడిపితే రెండూ కలిసి బురదరంగు అవుతాయని ఎవరైనా చెబుతారు. 1950లలో పారిస్‌లో ఒక తెలుగువాడు బురద కాకుండా నడిపి చూపించాడు.

ముందు రాతి సంగతి

అతని దగ్గరికి వెళ్లేముందు ఇంకొక పాత సంగతి తెలియాలి. ఇంకు ఒకచోట అంటుకుని, పక్కనే ఇంకోచోట ఎందుకు అంటుకోదు?

రబ్బరు స్టాంపులో, కలంకారీ అచ్చులో జవాబు తేలిక. ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది, పల్లంలో అంటదు. ఎచింగులో ఇది తిరగబడుతుంది. రాగి లేదా జింకు ప్లేటును యాసిడ్‌తో కొరికించి పల్లాలు చేస్తారు, ఇంకు ఆ పల్లాల్లో కూరి పైభాగం తుడిచేస్తారు, తడిపిన కాగితాన్ని గట్టిగా ఒత్తితే ఆ మెత్తటి నార పల్లాల్లోకి దిగి ఇంకును లాక్కుంటుంది. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో ఆ పట్టుకుంటే గుచ్చుకునేలా ఉండే నల్లగీతలు ఇలా వచ్చినవే.

ఎత్తూ పల్లమూ లేకుండా, పూర్తిగా చదునైన రాతి మీదనుంచి అచ్చు తీయొచ్చని కనిపెట్టినవాడు అలోయిస్ జెనెఫెల్డర్. మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునేవాడు. ప్రెస్సులకు ఇచ్చే డబ్బు లేక తన నాటకాలు తానే అచ్చేసుకోవాలని చూశాడు. 1796లో ఓ రోజు చాకలికి వేసిన బట్టల చిట్టా రాయడానికి చేతికి కాగితం అందక, మైనం, సబ్బు, దీపపు మసి కలిపిన సిరాతో సున్నపురాయి మీద రాశానని అతనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ల ప్రయోగాల్లో సూత్రం తేలింది. కొవ్వు సిరా తగిలినచోట రాయి నూనెను పట్టుకుంటుంది. మిగతా చోట తుమ్మ జాతి చెట్ల బంక, కాస్త యాసిడ్ పూస్తే రాయి నీటిని పట్టుకుంటుంది. తడి రాతి మీద నూనె ఇంకు రోలరు నడిపితే గీసినచోటే ఇంకు ఎక్కుతుంది. తడి ఉన్నచోట నీరు అడ్డం నిలబడుతుంది.

మన ఇళ్లల్లో దేవుడి పటాలు ఈ రాళ్ల మీదనుంచే వచ్చాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో ఒక్క లక్ష్మీదేవికి ఎన్నో రాళ్లు, రంగుకో రాయి. ఆ తర్వాత రాయి పోయి పలచటి అల్యూమినియం ప్లేటు వచ్చింది. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ అనే ప్రింటరు యంత్రంలో కాగితం పెట్టడం మరిచిపోతే బొమ్మ వెనకున్న రబ్బరు దుప్పటి మీద పడింది. తర్వాత పెట్టిన కాగితానికి ఆ రబ్బరు నుంచి అంటిన బొమ్మ మామూలు అచ్చు కంటే స్పష్టంగా ఉంది. ఇవాళ మనం చదివే దినపత్రిక, శుభలేఖ, పాఠ్యపుస్తకం అన్నీ ఆ ఆఫ్‌సెట్ సంతానమే. వాటి లోపల ఇప్పటికీ నూనెకూ నీటికీ మధ్య అదే పాత వైరం నడుస్తోంది.

వంటింట్లో రాతి అచ్చు
*(రాయి లేకుండా)*

*సున్నపురాయి బరువు, ఖరీదు. బెంగళూరు అపార్టుమెంటు మూడో అంతస్తులోకి ఎవరు మోస్తారు? 2011లో ఎమిలీ ఐజియే అనే ఫ్రెంచి కళాకారిణి రాయి బదులు వంటింటి అల్యూమినియం రేకు, యాసిడ్ బదులు కోలా డ్రింకు వాడి చూపించింది. రేకును గట్టి ప్లాస్టిక్ షీటుకు ముడతలు పడకుండా చుట్టాలి. చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా అచ్చులో పడుతుంది. సబ్బుముక్కతోనో కొవ్వు క్రేయాన్‌తోనో బొమ్మ గీయాలి. పైనుంచి కోలా పోయాలి. అందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ గీత లేనిచోట రేకు ఉపరితలాన్ని మార్చి, నీటిని పట్టుకునేలా చేస్తుంది. కడిగి, వంటనూనెతో గీతలు తుడిచి, తడి స్పాంజి రాసి, నూనె ఇంకు రోలరు నడిపితే బొమ్మ నల్లగా పైకి తేలుతుంది. స్పాంజి రాయడం ఒక్కసారి మరిచిపోతే రేకంతా నలుపే.*

చిత్తూరు నుంచి పారిస్‌కు

బురద కాకుండా రంగులు నడిపిన ఆ తెలుగువాడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టాడు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో చదివాడు. బెంగళూరు నుంచి బస్సెక్కితే మూడు నాలుగు గంటల దూరం అది. 1941లో శాంతినికేతన్ చేరి చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత మద్రాసు కళాక్షేత్రలో కళావిభాగం చూశాడు. అక్కడి నుంచి లండన్ స్లేడ్ స్కూలు, పారిస్, మిలాన్. పారిస్‌లో జాడ్కిన్ దగ్గర, మిలాన్‌లో మరీనో మరీని దగ్గర అతను నేర్చుకున్నది శిల్పం. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ప్లేటు అతనికి గీతలు గీసే పలకలా కాక, పలచటి శిల్పంలా కనబడింది.

పారిస్‌లో అతను చేరిన వర్క్‌షాపు పేరు అటెలియే 17. 1927లో దాన్ని మొదలుపెట్టిన స్టాన్లీ విలియం హేటర్ లండన్ కింగ్స్ కాలేజీలో కెమిస్ట్రీ, జియాలజీ చదివి, పర్షియాలోని అబదాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి బొమ్మల్లోకి వచ్చినవాడు. పికాసో, మీరో వంటివాళ్లు ఆ వర్క్‌షాపుకు వచ్చి పనిచేసుకునేవారు. అక్కడ గురువు చెప్పగా శిష్యుడు వినడం తక్కువ. ఎవరో ఏదో చెడగొడితే, అది ఎలా చెడిందో అందరూ చుట్టూ చేరి చూడటమే ఎక్కువ. రెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కలిసి ఇంకుల్లో అవిసె నూనె పాళ్లు మార్చి చూస్తుండగా తేలిన సంగతి ఇది: నూనె ఎక్కువున్న ఇంకు పూసిన చోట, నూనె తక్కువున్న గట్టి ఇంకు అంటుకోవడం లేదు.

మామూలుగా ప్రింటర్లు విసుక్కుని తుడిచేసే సంగతి ఇది. వీళ్లు దాన్ని పద్ధతిగా మార్చారు. ఇంగ్లీషులో దీన్ని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. రెడ్డి మాత్రం తన పుస్తకానికి ఏకకాలంలో రంగులన్నీ ఒత్తడం అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నాడు. ఆ పుస్తకం 1988లో వచ్చింది. 1960ల మధ్యకు హేటర్‌తో కలిసి వర్క్‌షాపును నడిపేవాడయ్యాడు. 1972లో పద్మశ్రీ, 1976లో న్యూయార్క్. 2018లో అక్కడే పోయాడు. ప్రపంచంలో ఎచింగు నేర్పే బడులు చాలావాటిలో అతని పద్ధతి నేర్పుతారు. తెలుగునాట అతని పేరు ఎంతమందికి తెలుసో చెప్పుకోకపోవడమే మర్యాద.

చీలేది ఎక్కడ?

ఈ పద్ధతిని ‘నూనె ఇంకు గట్టి ఇంకును తరిమేస్తుంది’ అని చెబుతుంటారు. వినడానికి బాగుంది కానీ సరికాదు. రాతి అచ్చులో ఉన్నది నూనె, నీరు. వాటికి పడదంటే అర్థముంది. ఇక్కడ రెండూ అవిసె నూనెలో కలిపిన రంగులే. చాకుతో కలిపితే హాయిగా కలిసిపోతాయి. నూనెకూ నూనెకూ వైరం ఎక్కడిది?

కిటుకు రోలరు ప్లేటును వదిలే క్షణంలో ఉంది. దోసె తీసేటప్పుడు ఏమవుతుందో చూడండి. బాగా కాలి గట్టిపడితే పెనాన్ని వదిలి ఒక్క ముక్కగా లేస్తుంది. పిండి ఇంకా పచ్చిగా ఉంటే దాని లోపలి పట్టు తక్కువ, పెనానికి అంటిన పట్టు ఎక్కువ. అట్లకాడ పెట్టి లాగితే దోసె అడ్డంగా చీలి, పైపొర అట్లకాడ మీద, అడుగుపొర పెనం మీద ఉండిపోతాయి. అతుక్కుని ఉన్న పొరల్ని విడదీస్తే చీలిక ఎప్పుడూ అన్నిటికంటే బలహీనమైన చోటే పడుతుంది.

ఇంకులోనూ అంతే. గట్టి పసుపు ఇంకు ఉన్న రోలరు శుభ్రంగా ఉన్న లోహం మీద నడిచిందనుకుందాం. పసుపు ఇటు లోహాన్నీ, అటు రోలరునూ పట్టుకుంది. రోలరు ముందుకు పోతుంటే ఆ పసుపు పొర తన మధ్యలోనే చీలుతుంది, దాదాపు సగం ప్లేటు మీద మిగులుతుంది. అంటే రంగు పడింది. ఇప్పుడు అదే రోలరు, అప్పటికే పలచటి నీలం ఇంకు ఉన్నచోటికి వచ్చింది. ఇప్పుడు వరసగా లోహం, పలచటి నీలం, గట్టి పసుపు, రోలరు. అన్నిట్లోకీ బలహీనమైన పొర ఏది? నూనె ఎక్కువైన నీలం. చీలిక నీలంలో పడుతుంది. పసుపు రోలరును వదలదు సరికదా, కాస్త నీలాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ప్లేటు మీద ఆ చోట నీలం ఒక్కటే మిగులుతుంది.

వరస తిరగేస్తే? ముందు గట్టి పసుపు పూసి, దాని మీద పలచటి నీలం నడిపితే, బలహీనమైన పొర మళ్లీ నీలమే. కానీ ఈసారి అది పైన ఉంది. తన మధ్యలో చీలి సగం పసుపు మీదే ఉండిపోతుంది, రెండూ కలిసి ఆకుపచ్చ కనిపిస్తుంది. అవే రెండు ఇంకులు, అదే ప్లేటు. ఏది ముందు, ఏది వెనక అన్నదాన్నిబట్టి వేరైనా ఉంటాయి, కలిసైనా పోతాయి.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటంటే, ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్లకు ఈ నియమం బాగా తెలుసు. ఆరని ఇంకు మీద ఇంకు పడే నాలుగు రంగుల యంత్రంలో మొదటి రంగు అన్నిటికంటే జిగురుగా, తర్వాతివి వరసగా తక్కువ జిగురుగా ఉండేలా ఇంకులు తయారుచేస్తారు. వరస తప్పితే రెండో రంగు మొదటి రంగు మీద నిలవదు, బొమ్మ వెలిసినట్టు వస్తుంది. అది వాళ్లకు నష్టం, రీములు బుట్టదాఖలు. రెడ్డి సరిగ్గా ఆ తప్పునే పట్టుకుని, ఒకే ప్లేటు మీద రంగుల్ని విడదీసే కత్తిలా వాడుకున్నాడు.

ప్లేటు మీద మూడంతస్తులు

గట్టి ఇంకు, పలచటి ఇంకు ఉంటే సరిపోదు. ఏ రంగు ఎక్కడ పడాలో చెప్పడానికి ప్లేటు మీద ఎత్తుపల్లాలు కావాలి. శిల్పి చెయ్యి పనికొచ్చింది ఇక్కడే. రెడ్డి జింకు ప్లేటును యాసిడ్‌తో కొరికించి, ఉలులతో చెక్కి, గీకి, నున్నచేసి, పలు మట్టాలున్న నేలలా తయారుచేసేవాడు. ‘వర్ల్‌పూల్’ అని 1963లో చేసిన సుడిగుండం బొమ్మ ప్లేటును పక్కనుంచి చూస్తే నిజంగానే చిన్న శిల్పం.

అలాంటి ప్లేటుకు రంగులు ఎక్కించడం ఇలా. మొదట అన్నిటికంటే లోతైన గీతల్లో ముదురు ఇంకు కూరి, మిగతా అంతా తుడిచేస్తారు. ఇది మామూలు ఎచింగే. తర్వాత గాజుపలక మీద నీలం కలుపుతారు. అవిసె నూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ, చాకు పైకెత్తితే ఇంకు సన్నటి తాడులా తెగకుండా జారేదాకా పలచన చేస్తారు. ఈ నీలాన్ని గట్టి రోలరుతో ప్లేటు మీద నడుపుతారు. గట్టి రబ్బరు వంగదు కాబట్టి ఎత్తైన మట్టాలకే నీలం తగులుతుంది. ఇప్పుడు పసుపు. దీనికి నూనె చుక్క కూడా పడదు, కావాలంటే మెగ్నీషియం కార్బనేట్ పొడి కలిపి ఇంకా బిగిస్తారు. చాకు ఎత్తితే ముద్దగా అంటుకుని ఉంటుంది, జారదు. ఇది మెత్తటి రోలరుకు ఎక్కుతుంది. గాజు మీద ఆ రోలరు తిరుగుతుంటే సన్నగా చిటచిటమనే శబ్దం వస్తుంది. పొర సరిపడా పలచబడిందో లేదో అలవాటైన ప్రింటరు కళ్లతో కంటే చెవులతోనే ముందు పట్టేస్తాడు.

ఇప్పుడు మెత్తటి రోలరు ప్లేటు మీదికి. మెత్తన కాబట్టి ఎత్తులు దాటుకుని నడిమి మట్టాల్లోకి దిగుతుంది. నీలం ఉన్న ఎత్తుల మీదుగానూ పోతుంది. వెనక్కి చూస్తే నీలం నీలంగానే ఉంది, పల్లాల్లో మాత్రం పసుపు పరుచుకుంది, రెంటి మధ్యా వెంట్రుకంత గీత. మొదటిసారి చూసినవాళ్లకు ఇది గారడీలాగే ఉంటుంది.

ఒక షరతు ఉంది. రోలరు ఒకే చుట్టుతో ప్లేటంతా దాటాలి. ప్లేటు పొడవు కంటే రోలరు చుట్టుకొలత తక్కువైతే, మొదటి చుట్టులో రోలరు మీదికి ఎక్కిన నీలం రెండో చుట్టులో వేరేచోట దిగి, దెయ్యంలా మసక బొమ్మ వేస్తుంది. అందుకే ఈ పని చేసే వర్క్‌షాపుల్లో గోడకు వేలాడే రోలర్లు అప్పడాల కర్రంత ఉండవు, తారురోడ్డు యంత్రాన్ని గుర్తుచేస్తాయి. ఇంట్లో ప్రయత్నించే ఇలస్ట్రేటర్లు పోస్టుకార్డు సైజు దాటకపోవడానికి కారణం కూడా ఇదే. వాళ్లలో కొందరు జింకు, యాసిడ్ గొడవ లేకుండా జ్యూసు డబ్బాను విప్పి వాడతారు. ఆ డబ్బా అట్ట, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసింది. లోపలివైపు సూదితో గీస్తే గీతలు ఇంకు పట్టుకుంటాయి, పైపొర ఒలిచి అట్ట బయటపెట్టినచోట మరింత నలుపు వస్తుంది. ప్రెస్సు బదులు నూడుల్స్ పిండి వత్తే యంత్రం.

వాతావరణం కూడా ఈ పనిలో వేలు పెడుతుంది. వేడికి ఇంకు పలచబడుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో నెలల తరబడి ఒకే పాళ్లతో పని నడుస్తుంది. అదే మే నెల విజయవాడలో అయితే గట్టి పసుపు కాస్తా నీలమంత పలచనై, రెండూ కలిసిపోయి మొదట భయపడ్డ ఆ బురదరంగే వస్తుంది. రోలరు నడిపే వేగం సంగతీ అంతే. ఒకే ఇంకు మెల్లగా లాగితే సాగుతుంది, చటుక్కున లాగితే గట్టిదానిలా తెగుతుంది. నెమ్మదిగా నడిపితే రంగు దిగుతుంది, వడిగా నడిపితే దిగిన రంగు మళ్లీ లేచిపోతుంది.

3/20 అంటే?

*సంతలో అచ్చుబొమ్మ కింద పెన్సిలుతో 3/20 అని ఉంటే, ఒకే ప్లేటు నుంచి తీసిన ఇరవైలో ఇది మూడోది అని. ఇరవయ్యూ ఒకేలా ఉండాలని సంప్రదాయం. రెడ్డి పద్ధతిలో అది కష్టం. నూనె రెండు చుక్కలు అటూ ఇటూ అయినా రంగు మారుతుంది. అతను ఆ కష్టాన్ని వరంగా తీసుకున్నాడు. 1980లలో చేసిన ‘గ్రేట్ క్లౌన్’ ప్లేటు నుంచి వేర్వేరు రంగుల మేళవింపులతో ఎన్నో అచ్చులు తీశాడు. ప్లేటు ఒకటే, విదూషకుడు మాత్రం ఒక్కోసారి నవ్వుతున్నట్టు, ఒక్కోసారి మంటల్లో ఉన్నట్టు కనిపిస్తాడు.*

గాజు మీద ఫెర్న్ ఆకులు

ఇంకుతో ఆడుకునేవాళ్లందరికీ ఎదురయ్యే ఇంకో వింత ఉంది. ఇంకు రాసిన గాజు మీద ఇంకో గాజుపలక నొక్కి, మెల్లగా పైకెత్తండి. ఎవరూ గీయకుండానే ఇంకులో కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, ఫెర్న్ ఆకులు కనిపిస్తాయి. మాక్స్ ఎర్నెస్ట్ వంటి చిత్రకారులు 1930లు, 40లలో ఈ ఆకులనే అడవులుగా, కొండలుగా మార్చి బొమ్మలు వేశారు. బెంగళూరు బల్లల మీద అమ్మే సముద్రపు నాచు బొమ్మల్లో చాలావాటికి గీసిన చెయ్యంటూ లేదు, ఇలా ఎత్తిన చెయ్యే ఉంది.

పలకలు విడిపోతుంటే మధ్యలో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి అంచుల నుంచి గాలి లోపలికి తోసుకొస్తుంది. గాలి పలచన, ఇంకు చిక్కన. గాలి అంచు ఎక్కడో ఒకచోట పిసరంత ముందుకు పోయిందనుకోండి. ఆ చోట దాని ముందు నెట్టాల్సిన ఇంకు తగ్గింది, అడ్డు తగ్గింది, కాబట్టి ఇంకా వేగంగా దూసుకుపోతుంది. వెనకబడ్డ చోటు ఇంకా వెనకబడుతుంది. అలా వేళ్లలాంటి పాయలు ఏర్పడతాయి, ఆ పాయల కొసలూ మళ్లీ రెండుగా చీలతాయి. మరీ సన్నటి పాయలు పుట్టకుండా ఉపరితల తన్యత ఆపుతుంది. అందుకే చిక్కటి ఇంకులో ఒకరకం ఆకు, పలచటి ఇంకులో ఇంకోరకం.

ఫిలిప్ సాఫ్‌మన్, జెఫ్రీ టేలర్ అనే ఇద్దరు 1958లో దీన్ని లెక్కగట్టారు. వాళ్ల చూపు బొమ్మల మీద లేదు, చమురు బావుల మీద ఉంది. భూమిలోపలి రాళ్ల సందుల్లోని ముడిచమురును బయటికి నెట్టడానికి నీరు పంపుతారు. నీరు పలచన, చమురు చిక్కన. నీరు చమురునంతా వరసగా నెట్టుకురాకుండా వేళ్లలా చొచ్చుకుపోయి, చమురును లోపలే వదిలి తాను బావిలోకి చేరుతుంది. దీనికి విరుగుడుగా నీటిలో పాలిమర్ కలిపి చిక్కబరుస్తారు, ప్రింటరు పసుపులో పొడి కలిపినట్టే. చమురు కంపెనీ వదిలి వచ్చిన హేటర్ వర్క్‌షాపులోనూ ఇంకులో ఈ చమురు సమస్యే బొమ్మకట్టి ఉండొచ్చు. బెంగళూరులోనే, సి.వి.రామన్ 1948లో స్థాపించిన పరిశోధన సంస్థలో గాజుపలకల మధ్య ఇలాంటి పాయల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. కుమారకృపా రోడ్డుకు ఆ సంస్థ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. రెండుచోట్లా బల్ల మీద కనిపించేది ఒకే రకం ఆకు.

ఆరడం అంటే

నీటిరంగు ఆరితే నీరు ఆవిరై పోతుంది. అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొర అవుతుంది. అందుకే ఆరుతున్న అవిసె నూనె బరువు తగ్గకపోగా పెరుగుతుంది. చలి, ముసురు ఉన్న రోజుల్లో ఈ ముడిపడటం నెమ్మదిస్తుంది. బెంగళూరు ఆగస్టులో తీసిన అచ్చులు రోజుల తరబడి తాడు మీద వేలాడుతూ, వచ్చినవాళ్ల చొక్కాలకు అంటుతుంటాయి. రీసో ఇంకు దీనికి పూర్తిగా వేరు. అది కాగితంలోకి ఇంకుతుందే తప్ప గట్టిపడదు. కొన్న పుస్తకం ఏడాది తర్వాత వేలితో రుద్దినా గులాబీరంగు వస్తే మోసపోయామనుకోనక్కర్లేదు.

దిగుమతి ఎచింగు ఇంకులు ఖరీదు కాబట్టి చాలామంది ఆఫ్‌సెట్ ఇంకు డబ్బాలే కొనుక్కుని, అందులో అవిసె నూనె కలుపుకుంటారు. పోస్టుకార్డు సైజులో ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు ఇది చాలు: ఒక ఇంకులో నూనె, ఇంకొకదాంట్లో నూనె లేకుండా, ఒక గట్టి రోలరు, ఒక మెత్తటి రోలరు. నీలం ముందు, పసుపు వెనక. తర్వాత వరస మార్చి ఇంకోసారి. రెండు కార్డులూ పక్కపక్కన పెడితే పై పేజీలన్నీ చదవాల్సిన పని కూడా ఉండదు.

తుడిచిన గుడ్డల విషయంలో మాత్రం జాగ్రత్త. నూనె ఆక్సిజన్ పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. తాడు మీద పరిచిన అచ్చులో ఆ వేడి గాలికి పోతుంది. అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో పడేస్తే వేడి లోపలే పోగై, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. ఇలా కాలిపోయిన వర్క్‌షాపులు, వడ్రంగి షెడ్లు లోకంలో చాలా ఉన్నాయి. గుడ్డల్ని నీళ్లలో తడిపి, మూత బిగించే రేకుడబ్బాలో వేయండి. లేదా విడివిడిగా పరిచి, బిరుసుగా ఆరేదాకా బయట వదిలేయండి.